తేట నీరు, పచ్చ నీరు: ఒకే సరస్సుకు రెండు బతుకులు

ఒకే ఎండ, ఒకే వాన, చుట్టూ ఒకేలాంటి పొలాలు. అయినా పక్కపక్కనే ఉన్న రెండు మంచినీటి సరస్సుల్లో ఒకదాని అడుగున పాకే నత్త కూడా కనిపిస్తుంది. రెండోదానిలో మోచేతి దాకా చెయ్యి ముంచితే మన వేళ్లు మనకే కనిపించవు. మొదటిదాని మీద బాతులు, బొల్లికోళ్లు, తూనీగలు తిరుగుతుంటాయి. రెండోదాని మీద ఎప్పుడైనా ఓ నీటికాకి వాలితే వాలినట్టు. ఎవరో ఏదో కలిపి ఉంటారు, అందుకే పాడైందని అనుకుంటాం. అందులో కొంత నిజం ఉంది. కానీ కలిసింది రెండింటిలోనూ దాదాపు అంతే అయినా ఒకటి తేటగా, ఇంకోటి పచ్చగా ఉండగలవు. పల్లె సరస్సుల గురించి ఎక్కువమందికి తెలియనిదీ, తెలిసి తీరాల్సిందీ ఇదేనని నా అభిప్రాయం. ఇది అర్థమైతే ఏ పక్షి ఎక్కడ ఎందుకు వాలుతుందో, ఏ చేప ఎందుకు మాయమైందో కూడా అర్థమవుతుంది.

ముందు లోతు సంగతి చూద్దాం. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది. అందుకే లోతైన సరస్సులో వేసవిలో వెచ్చని నీరు పైన, చల్లని నీరు కింద పొరలుగా నిలిచిపోతాయి. చలి దేశాల్లో చాలా సరస్సులు ఏడాదికి రెండుసార్లు, చలికాలానికి ముందూ తర్వాతా, పైనుంచి కిందికి కలిసిపోతాయి. పైన గడ్డకట్టినా కింద చేపలు బతకడం కూడా ఈ 4 డిగ్రీల చలవే. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఫ్రాంస్వా ఫొరెల్ (1841–1912) జెనీవా సరస్సు దగ్గరే ఏళ్ల తరబడి పరిశోధించి, సరస్సుల అధ్యయనాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టాడు. అయితే ఆయన చూసింది 300 మీటర్లకు పైగా లోతున్న నీటిని. పొలాల మధ్య కనిపించే సరస్సుల్లో చాలావరకు అలాంటివి కావు. రెండు మూడు మీటర్ల లోతుతో, వెడల్పాటి పళ్లెంలా ఉంటాయి. గట్టిగా గాలి వీస్తే చాలు, నీరు అడుగు దాకా కలిసిపోతుంది. పొరలు నిలవవు. నీరు తేటగా ఉంటే ఎండ అడుగును తాకుతుంది. అడుగున మట్టి ఉంది, మట్టిలో విత్తనాలున్నాయి. అంటే లోతులేని సరస్సు అడుగంతా తోట కాగలదు.

కాగలదు, అంతే. అవుతుందన్న హామీ లేదు. ఎందుకంటే ఆ ఎండ కోసం ఇద్దరు పోటీ పడుతుంటారు. ఒకరు అడుగున వేళ్లూని పెరిగే నీటిమొక్కలు. ఇంకొకరు నీటిలో తేలే, ఒక్కొక్కటిగా కంటికి ఆనని పాచి కణాలు. పాచికి ఒక సౌకర్యం ఉంది. అది పైన ఉంటుంది కాబట్టి ఎండ ముందు దానికే దక్కుతుంది. మొక్కకు ఉన్నది వేరు. వేరుతో అది మట్టిలోని పోషకాలను తీసుకోగలదు, మట్టిని పట్టి ఉంచగలదు. సరస్సు మీద ఎవరిది పైచేయి అన్నది ఈ ఇద్దరి మధ్యే తేలుతుంది. గమనించాల్సింది ఏమిటంటే, ఎవరు గెలిస్తే వాళ్లు తమ గెలుపును నిలబెట్టుకునేలా సరస్సునే మార్చేస్తారు.

మొక్కలు గెలిచిన సరస్సును చూడండి. కాడలు అలల వేగాన్ని తగ్గిస్తాయి, తేలే మట్టి కిందికి దిగుతుంది. వేళ్లు ఆ మట్టిని మళ్లీ లేవనివ్వవు. ఆకుల గుబుర్లలో డాఫ్నియా అనే ఆవగింజంత జీవి పగలంతా దాక్కుంటుంది. దీన్ని నీటి ఈగ అంటారు కానీ ఇది ఈగ కాదు, రొయ్యకు దూరపు బంధువు. చీకటి పడ్డాక ఇది బయటికి వచ్చి నీటిని వడగట్టుకుంటూ పాచిని తింటుంది. చలి దేశాల్లో వసంతకాలంలో ఇవి గుంపులుగా పెరిగినప్పుడు సరస్సు నీరు కొన్ని వారాలపాటు గాజులా తేటపడుతుంది. అదే గుబుర్లలో పైక్ లాంటి వేటచేప కదలకుండా కాచుకుని ఉంటుంది. డాఫ్నియాను తినే చిన్న చేపలు దానికి భయపడి అదుపులో ఉంటాయి. మొక్కల వల్ల నీరు తేటగా ఉంటుంది, నీరు తేటగా ఉండటం వల్ల మొక్కలు బతుకుతాయి.

ఇప్పుడు పాచి గెలిచిన సరస్సు. పైన పచ్చని తెర, కింద చీకటి. మొక్కలు చచ్చిపోతాయి. అడుగు మట్టిని పట్టుకునే వేళ్లు లేవు కాబట్టి ప్రతి గాలికీ బురద లేస్తుంది. కార్ప్, బ్రీమ్ లాంటి చేపలు తిండి కోసం అడుగును తవ్వుతూ ఇంకా బురద లేపుతాయి. దాక్కునే చోటు లేని డాఫ్నియాను చిన్న చేపలు ఖాళీ చేస్తాయి. చూపుతో వేటాడే పైక్‌కు ఎదురుగా ఉన్నది కనిపించదు. పాచిని తినేవాళ్లు లేరు, ఆపేవాళ్లు లేరు. ఈ స్థితి కూడా మొదటిదానిలాగే తనను తాను కాపాడుకుంటుంది. 1990లలో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త మార్టెన్ షెఫర్, ఆయన సహచరులు లోతులేని సరస్సులకు ఇలా రెండు నిలకడైన స్థితులు ఉంటాయని సిద్ధాంతంగా వివరించారు.

పొలాల పాత్ర ఇక్కడే వస్తుంది. కెనడాలోని ఒంటారియోలో, పేరుకు బదులు 226 అనే నంబరుతో పిలిచే ఒక చిన్న సరస్సుంది. 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం దాన్ని మధ్యలో ప్లాస్టిక్ తెరతో రెండుగా విడదీసింది. ఒక సగంలో కార్బన్, నత్రజని వేశారు. రెండో సగంలో వాటితోపాటు భాస్వరం కూడా వేశారు. భాస్వరం పడిన సగం పచ్చబడింది. పైనుంచి తీసిన ఫోటోలో తెరకు ఒకవైపు చిక్కని పచ్చ, రెండోవైపు మామూలు నీటి రంగు. ఒక్క ఫోటోతో ఇంత స్పష్టంగా చెప్పగలిగిన ప్రయోగాలు తక్కువ. నత్రజని పాత్ర ఎంతన్న దానిపై వాదనలు ఇంకా నడుస్తున్నాయి కానీ, భాస్వరం ప్రధాన ముద్దాయి అన్నది తేలిపోయింది. ఎరువు, పశువుల పేడ, ఇళ్ల మురుగు, కోసుకుపోయిన పైమట్టి, ఇవన్నీ దాన్ని సరస్సుకు చేరవేస్తాయి.

మరి కలిసిన భాస్వరం దాదాపు ఒకటే అయినా రెండు సరస్సులు వేర్వేరుగా ఎలా ఉంటాయి? భాస్వరం బాగా తక్కువగా ఉంటే మొక్కలదే రాజ్యం. బాగా ఎక్కువైతే పాచిదే. నడుమ మాత్రం విశాలమైన ప్రాంతం ఉంది. అక్కడ రెండు స్థితులూ సాధ్యమే. సరస్సు ఏ స్థితిలో ఉందన్నది ఈరోజు కలిసిన దాన్ని బట్టి కాక, నిన్న ఎలా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. తేటగా ఉన్న సరస్సు భాస్వరాన్ని ఏళ్ల తరబడి మింగుతూ, పైకి ఏ మార్పూ చూపించకుండా ఉండగలదు. చూసేవాళ్లకు అంతా బాగానే ఉందనిపిస్తుంది. ఒక ఏడాది పెద్ద గాలివాన మొక్కల్ని పీకేస్తుంది, లేదా నీటిమట్టం ఒక్కసారిగా పెరిగి ఎండ అడుగుకు చేరదు. అంతే, ఒకటి రెండు సీజన్లలో సరస్సు బోల్తా పడుతుంది. జనం ఆ గాలివానను తప్పుపడతారు. అది తోసిన మాట నిజమే కానీ, సరస్సును అంచు దాకా తీసుకొచ్చి నిలబెట్టింది అంతకుముందు గడిచిన ఏళ్లు.

స్వీడన్ దక్షిణ భాగంలో టోకెర్న్ అనే సరస్సు ఉంది. 44 చదరపు కిలోమీటర్ల వైశాల్యం, సగటు లోతు మాత్రం మీటరు కూడా ఉండదు. 19వ శతాబ్దంలో వ్యవసాయ భూమి కోసం దాని నీటిమట్టాన్ని తగ్గించారు. చుట్టూ గడ్డి దుబ్బులు విస్తరించి, ఇప్పుడది పేరున్న పక్షుల సరస్సు. టోకెర్న్, దానిలాంటిదే అయిన క్రాంకెషోన్ అనే మరో సరస్సు, 20వ శతాబ్దంలో తేట నుంచి మురికికీ, మురికి నుంచి తేటకీ ఒకటికి రెండుసార్లు మారాయి. క్రాంకెషోన్‌లో నీటిమొక్కలు మళ్లీ పరుచుకున్నప్పుడు హంసలు, బొల్లికోళ్లు పెరిగాయి. పక్షుల లెక్క వేయడమంటే ఒకరకంగా అడుగున ఏముందో లెక్క వేయడమే.

ఒడ్డు దగ్గర

సరస్సు అందాన్ని అందరూ నడి నీటిలో చూస్తారు. నా చూపు ముందు ఒడ్డుకే పోతుంది, ఎందుకంటే ప్రాణం ఎక్కువగా ఉండేది అక్కడే. నేల నుంచి నీటిలోకి దిగుతుంటే ముందు తుంగ, తర్వాత జమ్ము, కిక్కస లాంటి పొడవాటి గడ్డి, ఆపైన ఆకులు నీటి మీద పరిచే కలువలు, చివరికి పూర్తిగా మునిగి పెరిగే మొక్కలు. వరసగా కనిపించే ఈ పట్టీలు లోతును గీసి చూపిన గీతలు. జమ్ము, కిక్కసల కాడలు లోపల గుల్లగా ఉంటాయి. గాలి లేని బురదలో కూరుకుపోయిన వేళ్లకు అవి పైనుంచి ఆక్సిజన్‌ను పంపుతాయి.

ఈ కాడల మధ్య తూనీగ పిల్ల, అంటే దాని లార్వా, నీటిలోనే నెలల తరబడి, కొన్ని జాతుల్లో ఏళ్ల తరబడి బతుకుతుంది. మడిచి పెట్టుకున్న కింది పెదవిని రెప్పపాటులో ముందుకు విసిరి ఎరను పట్టుకుంటుంది. ప్రమాదం వస్తే ఒంట్లోని నీటిని వెనకవైపు నుంచి బలంగా చిమ్మి ముందుకు దూసుకుపోతుంది. ఎదిగాక రాత్రివేళో తెల్లవారుజామునో ఒక కాడ పట్టుకుని నీటి పైకి ఎక్కుతుంది. వీపు చీలి, రెక్కలు ముడుచుకున్న తూనీగ బయటికి వస్తుంది. రెక్కలు ఆరే దాకా అది ఎగరలేదు. ఆ కాసేపు దాని ప్రాణం ఆ కాడ మీదే ఆధారపడి ఉంటుంది. శుభ్రంగా కనిపించాలని గడ్డంతా కోసేసి, ఒడ్డుకు రాళ్లు పేర్చిన సరస్సు మీద తూనీగలు ఎందుకు తగ్గిపోతాయో ఇది తెలిస్తే అర్థమవుతుంది.

బిట్టర్న్ అనే కొంగజాతి పక్షి ఈ గడ్డిలో మెడను ఆకాశానికి నిటారుగా చాచి నిలబడితే, పక్కనే ఉన్నా గుర్తుపట్టలేం. ఒంటి మీది చారలు గడ్డి చారల్లో కలిసిపోతాయి. మగ పక్షి చేసే బరువైన ‘బూమ్’ శబ్దం మాత్రం కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. కనిపించదు, వినిపిస్తుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించేది పెద్ద జుట్టు గ్రీబ్. కత్తిలాంటి ముక్కు, తలమీద రెండు చీలికల జుట్టు ఉన్న మునిగే పక్షి ఇది. 1914లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ దీని జంట నృత్యాలను వివరంగా రాశాడు. ఆడ, మగ రెండూ నీటిలో మునిగి, ముక్కున నీటిమొక్కలు పట్టుకుని పైకి తేలి, ఎదురెదురుగా ఈదుకుంటూ వచ్చి, రొమ్ముకు రొమ్ము ఆనించి నీటి మీద దాదాపు నిలబడతాయి. దీని గూడు కూడా నీటిమొక్కల కుప్పే, గడ్డికి ఆనుకుని నీటి మీద తేలుతుంటుంది. పిల్లల్ని వీపు మీద మోస్తుంది, వాటికి తన ఈకలే తినిపిస్తుంది. చేప ముళ్ల నుంచి కడుపును ఆ ఈకలు కాపాడతాయని భావిస్తారు. వేటాడేది చూపుతో. నృత్యానికి మొక్క కావాలి, గూటికి మొక్క కావాలి, వేటకు తేట నీరు కావాలి. పాచి పట్టిన సరస్సులో దానికి వీటిలో ఏదీ సరిగా దొరకదు.

అడుగున మంచినీటి ఆల్చిప్పలు ఉంటాయి. ఇవీ నీటిని వడగడతాయి. వాటి లార్వాలు చేపల మొప్పలకో రెక్కలకో అంటుకుని కొన్నాళ్లు బతికితే తప్ప ఎదగలేవు. బిటర్లింగ్ అనే చిన్న చేపది దీనికి తిరుగుబదులులా ఉంటుంది. అది పొడవాటి గొట్టంతో తన గుడ్లను బతికున్న ఆల్చిప్ప మొప్పల్లో పెడుతుంది. ఇక్కడ ఒకటి పోతే రెండోదానికి నిలువ నీడ ఉండదు.

నీటిమట్టం గురించి ఒక మాట. ఏడాది పొడవునా ఒకే మట్టంలో నిండుగా ఉన్న సరస్సే ఆరోగ్యంగా ఉన్నట్టని చాలామంది నమ్ముతారు. అది పొరపాటు. కిక్కస విత్తనం నీటి అడుగున మొలవదు, తడి బురద బయటపడాలి. ఎండాకాలంలో నీరు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే ఆ బురదలోనే ఉల్లంకి పిట్టలు పురుగులు ఏరుకుంటాయి, కొత్త గడ్డి మొలుస్తుంది. గేట్లు బిగించి మట్టాన్ని కదలకుండా ఆపితే ఒడ్డు గడ్డి ముసలిదై పలచబడుతుంది.

పచ్చబడ్డాక

పాచి నిండిన సరస్సు పగలు ఆక్సిజన్‌ను పుష్కలంగా విడుదల చేస్తుంది. రాత్రి అదే పాచి, కుళ్లుతున్న దాని కళేబరాలు ఆ ఆక్సిజన్‌ను వాడేస్తాయి. తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని నీటి పైకి వస్తే కారణం అదే. వెచ్చని, గాలి ఆడని బురదలో బొటులిజం విషాన్ని తయారుచేసే బ్యాక్టీరియా పెరుగుతుంది. దాని బారిన పడ్డ బాతులు మెడ నిలపలేక మునిగి చనిపోతాయి. చనిపోయిన పక్షి మీద పెరిగిన పురుగుల్లో ఆ విషం చేరుతుంది, ఆ పురుగుల్ని తిన్న పక్షి కూడా పోతుంది. అందుకే కళేబరాలను వెంటనే తీసేయడం ఎంతో ముఖ్యం.

పచ్చ తెర మొత్తం పాచే అనుకోకూడదు. తెట్టులా తేలే దానిలో ఎక్కువగా సైనోబ్యాక్టీరియా, అంటే పాచిలాగే ఎండతో బతికే బ్యాక్టీరియా, ఉంటాయి. ఇవి ఒంట్లో గాలి బుడగలు పెట్టుకుని తేలతాయి. కొన్ని గాలిలోని నత్రజనిని వాడుకోగలవు, కొన్ని విషాలు తయారుచేస్తాయి. దక్షిణ ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సు నీరు తాగి పశువులు, గొర్రెలు చనిపోయిన సంగతిని జార్జ్ ఫ్రాన్సిస్ 1878లోనే నేచర్ పత్రికలో రాశాడు. దాదాపు 150 ఏళ్లుగా మనకు తెలిసిన ప్రమాదం ఇది. తెట్టు కట్టిన నీటి దగ్గరికి పశువులను, కుక్కలను, పిల్లలను వెళ్లనివ్వకూడదు.

మరి వెనక్కి తీసుకురావడం? పొలాల నుంచి వచ్చే భాస్వరాన్ని ఆపితే చాలనుకుంటాం. అది తప్పనిసరి, కానీ చాలదు. ఏళ్ల తరబడి చేరిన భాస్వరం అడుగు మట్టిలో ఇనుముతో కలిసి దాగి ఉంటుంది. మట్టి పైపొరలో ఆక్సిజన్ అయిపోగానే ఆ పట్టు సడలి, భాస్వరం మళ్లీ నీటిలోకి వస్తుంది. అంటే బయటి నుంచి చుక్క రాకపోయినా సరస్సు తన పాత నిల్వతోనే ఏళ్లపాటు పచ్చగా ఉండగలదు. స్వీడన్‌లోని ట్రుమెన్ సరస్సులో మురుగును మళ్లించినా ఫలితం కనిపించక, 1970, 1971లో అడుగు బురదను ఏటా అర మీటరు చొప్పున పీల్చి తీసేశారు. అప్పుడుగానీ అది కోలుకోలేదు. అమెరికాలోని వాషింగ్టన్ సరస్సు ఇందుకు భిన్నం. 1960లలో మురుగును పక్కకు మళ్లించాక అది కొద్ది ఏళ్లలోనే తేటపడింది. కానీ అది లోతైనది. దాన్ని చూసి లోతులేని సరస్సు మీద అలాంటి ఆశలు పెట్టుకుంటే నిరాశే మిగులుతుంది.

రెండో దారి చేపల వైపు నుంచి. అడుగును తవ్వే చేపలను, డాఫ్నియాను తినే చేపలను పెద్ద ఎత్తున పట్టేస్తే డాఫ్నియా పెరిగి నీటిని తేటపరుస్తుంది. మొక్కలకు ఒక్క వసంతం వెలుగు దొరికితే మిగతా పని అవే చూసుకుంటాయి. అదృష్టం బాగుంటే అని కూడా అనాలి, ఎందుకంటే భాస్వరం ఇంకా ఎక్కువగా ఉన్న చోట కొన్నేళ్లకు సరస్సు మళ్లీ పచ్చబడిన సందర్భాలు తక్కువేం కాదు. ఈ లెక్కన చూస్తే, సరస్సు బాగుపడాలని దానిలో చేపపిల్లల్ని వదలడం, ‘పిచ్చిమొక్కలు’ పీకడం అనే రెండు మంచి పనులూ చాలాసార్లు సరిగ్గా తలకిందులైన పనులే. గుర్రపుడెక్క లాంటి బయటి మొక్క నీటి పైభాగాన్నంతా కప్పేస్తే తీయాల్సిందే, అది కూడా కింద చీకటే చేస్తుంది. కానీ అడుగున పెరిగే స్థానిక మొక్కను దానితో కలిపి ఒకే గాటన కట్టకూడదు.

సరస్సు ఏ వైపు వంగుతోందో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరాలేం అక్కర్లేదు. 1865లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కి ఒక తెల్ల పళ్లేన్ని తాడుతో మధ్యధరా సముద్రంలోకి దించి, అది ఎంత లోతున కనుమరుగవుతుందో కొలిచాడు. ఇప్పటికీ సరస్సుల్లో నలుపు తెలుపు భాగాలున్న పళ్లెంతో అదే చేస్తున్నారు. ఏటా అదే నెలల్లో, అదే చోట కొలిచి రాసిపెడితే, పచ్చబడక ముందే నీటి తీరు మారుతున్నట్టు కొంతవరకు పసిగట్టవచ్చు. దానితోపాటు అడుగున మొక్కలు ఎంత మేర ఉన్నాయో కూడా చూడాలి. నీరు ఇంకా తేటగా ఉండగానే మొక్కల మేర తగ్గుతూ వస్తుంటే, నాకు అది నీటి రంగు కంటే ఎక్కువ టెన్షన్ పెట్టే విషయం.

నెదర్లాండ్స్‌లోని వేలువేమేర్ అనే సరస్సు 1960ల చివర్లో పచ్చబడింది. 1979 నుంచి దానిలోకి వచ్చే భాస్వరాన్ని బాగా తగ్గించారు. సరస్సు వెంటనే మారలేదు. పచ్చబడినప్పుడు ఉన్న స్థాయి కంటే బాగా కిందికి భాస్వరం దిగి, 1990లలో బ్రీమ్ చేపలు కూడా తగ్గాకే పూర్తిగా తేరుకుంది. ఆ మార్పు మొదలైన తీరు చూడదగ్గది. ముందు ఒడ్డు పక్కన, లోతు తక్కువ ఉన్న చోట, కారా అనే నాచుమొక్క పరుచుకుంది. దాని బీజాలు బురదలో ఏళ్ల తరబడి ప్రాణంతో ఉండగలవు. కొంతకాలం ఒకే సరస్సులో రెండు నీళ్లు కనిపించాయి. కారా పొదల మీద తేట నీరు, కాస్త అవతల నడిమధ్యన అదే పాత మురికి నీరు. తర్వాత ఆ పొదలు లోతు వైపు పాకుతూ పోయాయి. ఆల్చిప్పలు తిరిగొచ్చాయి. చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చే బెవిక్ హంసలు మళ్లీ అక్కడ దిగి, మెడలు ముంచి, అడుగున ఉన్న కారాను తినడం మొదలుపెట్టాయి.